పిలవకుండానే వచ్చేవాళ్లు



2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెనను ముంచెత్తింది. వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. వాతావరణం బాగాలేక హెలికాప్టర్ రాలేకపోయింది. ఆ ఉధృతిలో పడవ దింపడం అయ్యే పని కాదు. పగలంతా అలాగే గడిచిపోయింది. చివరికి ఒక జేసీబీ డ్రైవరు తన బండిని ఆ వరదలోకి దించాడు. హర్యానా నుంచి పొట్టకూటి కోసం వచ్చినవాడు. ఊరు అతనిది కాదు, ఆ తొమ్మిది మందిలో అతనికి చుట్టమంటూ ఎవరూ లేరు, వెళ్లమని ఏ అధికారీ ఉత్తర్వు ఇవ్వలేదు. ప్రాణానికి తెగించి వెళ్లాడు, తొమ్మిది మందినీ ఒడ్డుకు చేర్చాడు.

విపత్తు ఎక్కడ వచ్చినా ఇలాంటివాళ్లు ముందుకొస్తారు. ఏ దళం జాబితాలోనూ వాళ్ల పేరుండదు. యూనిఫాం ఉండదు, శిక్షణ ఉండదు. కబురు చెవిన పడితే చాలు, చేతిలో పని వదిలేసి వచ్చేస్తారు. ప్రభుత్వాల విపత్తు ప్రణాళికల్లో పోలీసులకు పేజీలుంటాయి, అగ్నిమాపక దళానికి ఉంటాయి, జాతీయ విపత్తు స్పందన దళం ఎన్‌డీఆర్ఎఫ్‌కు ఉంటాయి. పిలవకుండా వచ్చే ఈ జనానికి మాత్రం చాలా చోట్ల ఒక పేరా కూడా దక్కదు. ఈ పూట ప్రసంగం వాళ్ల గురించే.

ప్రమాదం జరిగిన చోటి నుంచి జనం గుండె చెదిరి పారిపోతారని చాలామంది అనుకుంటారు. అమెరికాలో చార్లెస్ ఫ్రిట్జ్, మాథ్యూసన్ అనే ఇద్దరు పరిశోధకులు 1957లో ఇందుకు పూర్తిగా ఎదురు మాట చెప్పారు. పారిపోయేవాళ్ల కంటే అక్కడికి పరుగెత్తుకొచ్చేవాళ్లే పెద్ద సంఖ్యలో ఉంటారని వాళ్లు రాశారు. ఇల్లు చూసుకోవడానికి తిరిగొచ్చేవాళ్లు, అయినవాళ్ల కోసం వెతుక్కునేవాళ్లు, సాయానికి వచ్చేవాళ్లు, వింత చూడవచ్చేవాళ్లు, దొరికింది దోచుకుందామని వచ్చేవాళ్లు – ఇలా ఐదు తెగలుగా విడదీశారు. రోడ్డు మీద నిలబడ్డ పోలీసుకు ఈ ఐదు తెగలూ ఒకే గుంపుగా కనబడతాయి. అందుకే అందరినీ కలిపి తరిమేస్తాడు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

సాయానికి వచ్చినవాళ్లను తరిమేస్తే ఏం పోతుందో జపాన్‌లోని కోబే నగరం చూపించింది. 1995 జనవరి 17, తెల్లవారుజామున 5 గంటల 46 నిమిషాలకు భూకంపం. 6,400 మందికి పైగా చనిపోయారు. కూలిన ఇళ్ల కింద చిక్కుకుని బయటపడ్డవాళ్లలో అత్యధికుల్ని కాపాడింది సైన్యమూ కాదు, అగ్నిమాపక దళమూ కాదు. ఇరుగుపొరుగువాళ్లు. కారు జాకీలతో దూలాలు ఎత్తారు, చేతి రంపాలతో కోశారు, ఏమీ లేనివాళ్లు ఉత్త చేతులతోనే పెంకులు తవ్వారు. భూకంప కేంద్రానికి దగ్గరలోని అవాజి ద్వీపంలో అప్పట్లో హోకుదాన్ అనే చిన్న ఊరుండేది. అక్కడ ఏ ఇంట్లో ముసలమ్మ ఏ గదిలో, ఏ మూల పడుకుంటుందో పక్కింటివాళ్లకు తెలుసు. నేరుగా ఆ మూలే తవ్వారు. చీకటి పడక ముందే ఆ ఊళ్లో గాలింపు పూర్తయింది. ఏ యంత్రమూ అంత తొందరగా ఆ మూల చూపించలేదు.

ఆ తర్వాత సంవత్సరం రోజుల్లో కోబేకు పది లక్షల మందికి పైగా సాయానికి వచ్చారు. ఎక్కువమంది కుర్రవాళ్లు, అలా సాయానికి రావడం వాళ్లకు అదే మొదటిసారి. రావడం వచ్చారు గానీ ఎక్కడ పడుకోవాలో తెలియదు, ఏం తినాలో తెలియదు, ఎవరికి ఏం కావాలో చెప్పే మనిషి లేడు. సొంత ఇల్లు కూలిపోయిన మున్సిపల్ ఉద్యోగే వాళ్లందరికీ సమాధానం చెప్పాల్సి వచ్చింది. జపాన్ ఆ అనుభవాన్ని వృథా పోనివ్వలేదు. సేవా సంస్థలకు చట్టబద్ధ గుర్తింపు తేలిగ్గా దొరికేలా 1998లో చట్టం చేసింది. జనవరి 17ను ఏటా విపత్తుల నివారణ, స్వచ్ఛంద సేవల దినంగా పాటిస్తోంది. ఇప్పుడు ఏ పట్టణంలో విపత్తు వచ్చినా అక్కడి సంక్షేమ మండలి ఒక వాలంటీర్ల కేంద్రం తెరుస్తుంది. ఆ కేంద్రం పని తీరు కాసేపట్లో వివరంగా చెప్పుకుందాం.

అంతకు ముందు కేరళకు వెళ్లి రావాలి.

2018 ఆగస్టు మధ్యలో పెరియార్, పంపా, చాలక్కుడి నదులు ఒక్కసారే ఊళ్ల మీద పడ్డాయి. చెంగన్నూరు, ఆరన్ముళ, పరవూరు ప్రాంతాల్లో జనం మేడల మీదికి, ఇంటి కప్పుల మీదికి ఎక్కి కూర్చున్నారు. చెంగన్నూరు ఎమ్మెల్యే సజి చెరియన్ టీవీలో ఏడుస్తూ హెలికాప్టర్లు పంపమని వేడుకున్నారు. అప్పటికే కొల్లం, తిరువనంతపురం, ఆలప్పుళ తీరాల నుంచి లారీలు బయల్దేరాయి. ఆ లారీల మీద చేపల పడవలున్నాయి, పడవల పక్కన వాటి మనుషులున్నారు.

వాళ్లెవరో గుర్తు చేసుకోవాలి. అంతకు తొమ్మిది నెలల ముందు, 2017 నవంబరు చివర్లో, ఓఖీ తుఫాను ఆ తీరం మీదే విరుచుకుపడింది. వేటకు వెళ్లిన మత్స్యకారుల్లో కేరళ నుంచే వందమందికి పైగా తిరిగి రాలేదు. హెచ్చరిక సకాలంలో అందలేదని, వెతకడానికి వెళ్లడంలో ఆలస్యమైందని ఆ పల్లెలు ప్రభుత్వం మీద మండిపడుతూనే ఉన్నాయి. ఆ కోపం, ఆ దుఃఖం ఇంకా ఆరకుండానే, లోతట్టు ఊళ్లలో ముక్కూ ముఖం తెలియని జనం కోసం పడవలు లారీలకెక్కించారు.

సముద్రంలో అలను కోసుకుంటూ పోయే పడవకు వీధిలో కొత్త కష్టాలు ఎదురవుతాయి. నీటి అడుగున ప్రహరీ గోడ ఉంటుంది, ఇనుప గేటు ఉంటుంది, తెగిన కరెంటు తీగ ఉంటుంది. ఇంజను రెక్క గోడకు తగిలి విరిగితే పడవ అక్కడే ఆగిపోతుంది. ప్రవాహాన్ని ఎదుర్కోవడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్యే గానీ, ఆ వీధి ఎటు తిరుగుతుందో, బావి ఎక్కడుందో, మంచాన పడ్డ తాత ఏ ఇంట్లో ఉన్నాడో వాళ్లకు తెలియదు. అది తెలిసిన ఊరివాడికి ఆ నీళ్లలో పడవ నడపడం రాదు. కాబట్టి చాలా పడవల్లో ముందు ఒక స్థానికుడు కూర్చుని దారి చెప్పాడు, వెనక మత్స్యకారుడు ఇంజను పట్టాడు. వేలాది ప్రాణాలు దక్కడానికి అసలు కారణం ఈ జోడీ. ఇందుకు శిక్షణ తరగతులేవీ జరగలేదు. ఇదంతా ఒడ్డున నిలబడి ఇద్దరు మనుషుల్ని కలిపిన మూడో మనిషి వల్ల జరిగింది.

మలప్పురం జిల్లా వేంగర దగ్గర ఒక మత్స్యకారుడు నీళ్లలో మోకాళ్ల మీద వంగి తన వీపునే మెట్టుగా చేశాడు. పడవ ఎక్కలేని ఆడవాళ్లు ఆ వీపు మీద కాలు పెట్టి ఎక్కారు. ఆ వీడియో దేశమంతా చూసింది. మత్స్యకారులు కాపాడిన వాళ్లు 65 వేలకు పైనే అని ఒక లెక్క. ముఖ్యమంత్రి పినరయి విజయన్ వాళ్లను కేరళ సొంత సైన్యమన్నారు. పడవకు రోజుకు 3,000 రూపాయలు, పైన డీజిలు, విరిగిన పడవలకు మరమ్మతు ఖర్చు ప్రభుత్వం ఇస్తుందని ప్రకటించారు. మనిషిని కాపాడినందుకు డబ్బు తీసుకోబోమన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లకు దండం పెట్టాలి. అయినా మరమ్మతు ఖర్చు ప్రకటించడం సన్మానం కంటే పెద్ద పని. పడవ విరిగితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. సాయానికి వచ్చినవాడు తన బతుకుదెరువు సాధనాన్నే తెచ్చి వరదలో పెడుతున్నాడు. దాని నష్టం ఎవరు భరిస్తారో ముందే తేల్చి ఉంచిన రాష్ట్రానికి వచ్చే వరదలోనూ పడవలు వస్తాయి.

ఆ వరదల్లోనే ఇంకో రకం సాయమూ కనిపించింది. కంప్యూటర్ తెలిసిన యువకులు రాష్ట్ర ఐటీ మిషన్‌తో కలిసి కేరళ రెస్క్యూ అనే వెబ్‌సైటు నిలబెట్టారు. మేడ మీద చిక్కుకున్నవాళ్లు అందులో తమ చోటు నమోదు చేస్తే, ఎక్కడెక్కడి నుంచో మలయాళీలు వాళ్లకు ఫోన్ చేసి నిజమో కాదో నిర్ధారించి కంట్రోల్ రూంకు చేరవేశారు. ఈ నిర్ధారణ లేకపోతే ఎంత ప్రమాదమో వాట్సాప్ చూసేవాళ్లందరికీ తెలుసు. మొన్ననే బయటపడ్డ కుటుంబం కోసం మూడో రోజు కూడా అదే మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. అది నమ్మి పడవ అటు వెళితే, నిజంగా ఎదురుచూస్తున్న ఇంకో ఇంటికి ఆలస్యమవుతుంది.

ఇక నష్టం సంగతి. మంచి మనసుతో వచ్చినంత మాత్రాన మంచే జరుగుతుందని చెప్పలేం. 1985 సెప్టెంబరు 19న మెక్సికో నగరంలో భూకంపం వచ్చినప్పుడు సామాన్య జనం శిథిలాల సందుల్లోకి పాక్కుంటూ వెళ్లి వందల మందిని బయటకు లాగారు. ఆ ప్రయత్నంలో చనిపోయినవాళ్లూ వందమంది దాకా ఉంటారని అంచనా. అప్పుడు అలా పాక్కుంటూ వెళ్లిన యువకులే తర్వాత శిక్షణ పొంది లోస్ తోపోస్ అనే దళంగా ఏర్పడ్డారు. తోపో అంటే భూమిని తవ్వే చుంచు. ఎక్కడ పెద్ద భూకంపం వచ్చినా ఆ దళం బయల్దేరుతుంది. విచిత్రంగా 2017లో అదే తేదీన, సెప్టెంబరు 19నే, మెక్సికో మళ్లీ కంపించింది. ఈసారి శిథిలాల మీద ఎవరైనా పిడికిలి పైకెత్తితే వేలమంది ఒక్కసారిగా నోరు మూసుకునేవారు, యంత్రాలు ఆగేవి. కింద నుంచి మూలుగు ఏదైనా వినిపిస్తుందేమోనని. నిన్నటిదాకా ఒకరికొకరు తెలియని జనం ఆ ఒక్క సైగకు కట్టుబడ్డారు.

నీళ్లు తీశాక వచ్చే ప్రమాదం వేరు. కేరళలో ఇళ్లు కడగడానికి వెళ్లినవాళ్లకు ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్, సోకే ముప్పు ఏర్పడింది. కాళ్లకు చిన్న గీత ఉన్నా ఆ బురద నీటిలోంచి క్రిమి లోపలికి పోతుంది. వారానికోసారి డాక్సీసైక్లిన్ మాత్రలు వేసుకోవాలని ఆరోగ్య శాఖ చెప్పాల్సి వచ్చింది. ఒక మాత్ర, ఒక జత రబ్బరు బూట్లు, ఒక ధనుర్వాతం ఇంజెక్షను. సాయానికి వచ్చినవాడి చేతిలో పార పెట్టే ముందు ఇవి ఇచ్చే మనిషి అక్కడ ఉండాలి.

సామాను సాయం కూడా ఒక్కోసారి బరువవుతుంది. 2004 సునామీ తర్వాత నాగపట్నం తీరంలో పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. సముద్రం అన్నీ ఊడ్చుకుపోయిన మనిషి కూడా ఒకరు విప్పిన బట్ట కట్టుకోడు. అతనికీ మానం మర్యాదా ఉంటాయి. ఆ గుట్టలు తొలగించడం సహాయక సిబ్బందికి అదనపు పనయింది.

తెలుగు నేలకు ఈ విషయం కొత్తదేమీ కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడ్డప్పుడు పది వేల మందికి పైగా చనిపోయారు. తాటిచెట్టంత అల వచ్చిందని ఆ కాలంవాళ్లు ఇప్పటికీ చెబుతారు. దారులు తెగిపోయి, పొలాల్లో మనుషుల శవాలు, పశువుల కళేబరాలు కలిసి పడి ఉంటే, స్వచ్ఛంద సేవకులు వచ్చి ముక్కుకు గుడ్డ కట్టుకుని దహనాలు చేశారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు సేకరించారు. ఆ రోజుల్లో సెల్‌ఫోన్లు లేవు, ఎన్‌డీఆర్ఎఫ్ లేదు. మనిషికి మనిషే దిక్కు.

ఇప్పుడు సెల్‌ఫోన్లున్నాయి, డ్రోన్లున్నాయి. ఖమ్మంలో ఆ జేసీబీ వరదలోకి దిగిన రోజునే, బుడమేరు విజయవాడ మీద పడింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు సృష్టించింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ నీట మునిగాయి. గుళ్లు, హోటళ్లు, కాలేజీ పిల్లలు, మామూలు కుటుంబాలవాళ్లు పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టి తెచ్చారు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా బండ్లు వచ్చేవి, అక్కడి నుంచి లోపలికి నీళ్లు. ఫ్లైఓవర్‌కు దగ్గరగా ఉన్నవాళ్లకు పొట్లం మీద పొట్లం అందింది. లోపలి వీధుల్లో మేడ మీద నిలబడ్డ కుటుంబాలకు మంచినీళ్ల సీసా కూడా ఆలస్యమైంది. ప్రభుత్వం డ్రోన్లతో ఆహారం జారవిడిచింది గానీ ఒక డ్రోను ఎన్ని మోస్తుంది! పొట్లాలు కట్టి తెచ్చినవాళ్లను ఇందులో తప్పు పట్టడానికి లేదు. ఏ వీధికి ఎన్ని వెళ్లాయి, ఏ వీధికి ఏమీ వెళ్లలేదు అన్న లెక్క రాసి పెట్టుకుని, వచ్చిన ప్రతి బండినీ ఫలానా వీధికి అని పంపే మనిషిని ఫ్లైఓవర్ మొదట్లోనే కూర్చోబెట్టాలి. వరద నిర్వహణలో అంత తక్కువ ఖర్చుతో అంత మేలు చేసే పని ఇంకొకటి లేదు.

ఆ మనిషి, ఆ బల్ల, ఆ పుస్తకం ఎలా ఉండాలో జపాన్ కేంద్రాలు చూపిస్తాయి. ఉదయం తలుపు దగ్గర పేరు, ఊరు, వచ్చిన పని రాస్తారు. బీమా ఉందా అని అడుగుతారు. కొద్దిపాటి రుసుముతో దొరికే ఆ బీమాను ఇంటి దగ్గరే చేయించుకుని రమ్మంటారు. పక్క గదిలో బాధితుల కోరికలు చీటీల మీద ఉంటాయి. ఒక ఇంట్లో బురద తోడాలి, ఒక ముసలాయనకు తడిసిన సామాను బయట పెట్టాలి. చీటీకి సరిపడా మనుషుల్ని చిన్న జట్టుగా కట్టి, ఒక నాయకుణ్ని పెట్టి, పారలు ఇచ్చి, మ్యాపు ఇచ్చి పంపుతారు. సాయంత్రం వచ్చి ఎంత పని అయిందో, ఏం మిగిలిందో చెప్పి వెళ్లాలి. మిగిలింది రేపటి చీటీ అవుతుంది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు, ముందుగా అనుకుని ఉండడం ఒక్కటే.

జపాన్‌లోనూ అన్నిసార్లూ సవ్యంగా జరగలేదు. 2024 జనవరి 1న నోటో ద్వీపకల్పంలో భూకంపం వస్తే, రోడ్లు తెగిపోయాయి కాబట్టి విడిగా ఎవరూ రావొద్దని ఇషికావా ప్రభుత్వం మొదట్లో చెప్పింది. అంబులెన్సులకు దారి కావాలి, ఆ మాటలో న్యాయం ఉంది. అయితే రావొద్దన్న మాట జనం మనసులో నిలిచిపోయి, దారులు తెరుచుకున్నాక కూడా సాయం చేతులు చాలలేదన్న విమర్శ వచ్చింది. రావొద్దు అన్నవాళ్లే ఎప్పుడు రావాలో కూడా చెప్పాలి.

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ కథ విద్యార్థులది. 2010 సెప్టెంబరు భూకంపం తర్వాత శామ్ జాన్సన్ అనే విశ్వవిద్యాలయ విద్యార్థి ఫేస్‌బుక్‌లో ఒక పిలుపు పెట్టాడు. భూమి అడుగు నుంచి ఉబికి వచ్చిన బూడిద రంగు ఒండ్రు ఇళ్ల ముంగిళ్లలో పేరుకుపోయింది. తడిసిన ఒండ్రు ఒక్క పార ఎత్తినా నడుం పట్టేస్తుంది, వృద్ధులు ఏం చేయగలరు! పిల్లలు పారలు, ఒంటిచక్రం బండ్లు పట్టుకుని వచ్చారు. 2011 ఫిబ్రవరి 22న ఇంకో భూకంపం 185 మందిని బలి తీసుకున్నప్పుడు వేలాదిగా వచ్చారు. స్టూడెంట్ వాలంటీర్ ఆర్మీ అని పేరు పెట్టుకుని, బస్సుల్లో వీధి వీధికీ జట్లుగా వెళ్లారు. కూలిపోయే భవనాల జోలికి పోలేదు, అది తెలిసినవాళ్లకు వదిలేశారు. తమకు చేతనైన పని ఏదో ఎంచుకుని దాన్నే చేయడంలో ఆ పిల్లల తెలివి కనిపిస్తుంది. నడుం వంచి ఒండ్రు తోడుతూ ఒక్కో ఇంటి పెద్దావిడను ఎలా ఉన్నారమ్మా అని పలకరించడం కూడా పనిలో భాగమే అనుకున్నారు. ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

ఇలాంటి అనుభవాలు పోగుపడ్డాక, పిలవకుండా వచ్చే సేవకుల్ని ఎలా కలుపుకోవాలో చెబుతూ అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2017లో ఐఎస్ఓ 22319 అనే మార్గదర్శకం విడుదల చేసింది.

భారతదేశంలో ముందుగా శిక్షణ ఇవ్వడం మీద కొంత పని జరిగింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆపద మిత్ర పథకం మొదలుపెట్టింది. వరద ముప్పున్న 30 జిల్లాల్లో 6,000 మందితో ఆరంభించి, తర్వాత 350 జిల్లాల్లో లక్ష మందికి శిక్షణ ఇచ్చేలా పెంచింది. లైఫ్ జాకెట్, టార్చి, ప్రథమ చికిత్స సామాను ఉన్న సంచి, బీమా కూడా ఉన్నాయి. కేరళ ఇంకో అడుగు ముందుకేసి, 2020లో సన్నద్ధ సేన పెట్టింది. వందమంది జనాభాకు ఒకరు చొప్పున 3 లక్షల 40 వేల మంది సేవకులు ఉండాలన్నది లక్ష్యం. మెచ్చుకోవలసిన పనులే. అయితే లక్షమందికి శిక్షణ ఇచ్చినా, ఆ రోజు వచ్చే జనం ఆ లక్షలో ఉండరు. ఖమ్మం జేసీబీ డ్రైవరు ఏ జాబితాలో ఉన్నాడు? శిక్షణ పొందిన ఆపద మిత్రల్నే, వచ్చిన కొత్తవాళ్లను జట్లుగా కట్టి నడిపించే నాయకులుగా వాడుకుంటే రెండూ కలిసొస్తాయి. ఇద్దరు ఆపద మిత్రలు, ఒక రెవెన్యూ ఉద్యోగి, ఒక ఏఎన్ఎం, ఒక బల్ల, ఒక రిజిస్టరు ఉంటే ఒక మండలానికి సరిపోయే కేంద్రం తయారు.

సాయానికి వెళ్లేవాళ్లు కూడా కొంత గుర్తుంచుకోవాలి. బయల్దేరే ముందు 1077కు, అంటే జిల్లా కంట్రోల్ రూంకు, ఫోన్ చేసి ఏం కావాలో అడగండి. మీ తిండి, మీ నీళ్లు మీరే తీసుకెళ్లండి, బాధితుల కోసం వండిన దాంట్లో వాటా పడకూడదు. ఆ వీధి తెలిసిన మనిషి తోడు లేకుండా నీళ్లలో దిగకండి. ఫోటోల కోసం బాధితుల్ని నిలబెట్టకండి. ఈ రోజు అవసరం లేదని ఎవరైనా చెబితే నొచ్చుకోకుండా ఫోన్ నంబరు ఇచ్చి రండి. మొదటి మూడు రోజులు రోడ్డు పట్టనంత జనం వస్తారు, మూడో వారానికి ఎవరూ ఉండరు. గోడల మీద బూజు తుడవడం, తడిసిన ఆధార్ కాగితాలకు బదులు కొత్తవి తెప్పించడం, పరిహారం దరఖాస్తు నింపిపెట్టడం, పిల్లల పుస్తకాలు మళ్లీ కొనిపెట్టడం అప్పుడే మొదలవుతాయి. వీటికి ఈత రానక్కర్లేదు, కండబలం అక్కర్లేదు. రిటైరైన గుమస్తా, డిగ్రీ చదివే అమ్మాయి చక్కగా చేయగలరు.

అక్టోబరు, నవంబరు నెలలు తెలుగు తీరానికి తుఫానుల కాలం. అది రాకముందే మీ తహసీల్దారునో, మున్సిపల్ కమిషనర్‌నో కలిసి ఒక్క సంగతి అడగండి: రేపు ఈ ఊళ్లో వరద వస్తే, సాయానికి వచ్చినవాళ్లు మొదట ఏ చోటికి రావాలి, ఎవరికి పేరు ఇవ్వాలి? జవాబు చెబితే ఆ చోటు మీ వీధిలో పదిమందికీ తెలియజేయండి. జవాబు లేకపోతే, ఏర్పాటు చేసేదాకా అడుగుతూనే ఉండండి.